పదో తరగతి పాపకి ఒళ్లు నొప్పులు, డాక్టర్ గారు ఫోన్‌లో యాప్ వాడమన్నారు. ఏం చేయమంటారు?

బ్రాడీపేట_అమ్మ
సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా పాప పదో తరగతి. పోయిన వేసవి సెలవుల నుంచి నొప్పులు. ఒకరోజు మోకాళ్లు, ఒకరోజు నడుము, ఇంకోరోజు భుజాలు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, ఎమ్మారై అన్నీ అయ్యాయి. ఫైలు లావెక్కింది తప్ప రిపోర్టుల్లో ఏమీ లేదు. బంధువుల్లో సగం మంది బడి ఎగ్గొట్టడానికి నాటకం అంటున్నారు, మిగతా సగం మంది దిష్టి తీయమంటున్నారు.

చివరికి పిల్లల కీళ్ల డాక్టర్ గారు ఒకరు తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడారు. నొప్పి నిజమే, నాటకం కాదు, కానీ కీళ్లలో వాపు గానీ దెబ్బ గానీ లేదు, నొప్పిని మోసే నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తోంది అన్నారు. ఫిజియో, నిద్ర, నెమ్మదిగా నడక పెంచడం రాశారు. దాంతోపాటు ఫోన్‌లో నొప్పి డైరీ యాప్ వేసుకుని పాపనే రోజూ రాసుకోమన్నారు. ఊపిరి వ్యాయామాలు కూడా అందులోనే ఉంటాయట.

ఇక్కడే మా ఇంట్లో పేచీ మొదలైంది. పబ్లిక్ పరీక్షల ఏడాది చేతికి ఫోన్ ఇస్తే చదువు గోవిందా అని మావారు. ఇన్ని నెలలు ఇన్ని మందులు మింగించాం, ఇదొక్కటి చూస్తే పోయేదేముంది అని నేను. అసలు ఇవి పనిచేస్తాయా? తెలుగులో ఉన్నాయా? ఎవరైనా పిల్లలకి వాడి ఉంటే చెప్పండి.

మిర్చియార్డు
సోమవారం, రాత్రి 10:40

అమ్మా, ఏమీ అనుకోకండి. పిల్లలకి మెడనొప్పి, కంటినొప్పి వచ్చేదే ఫోన్ వల్ల. మళ్లీ ఫోనే మందా? ఎండలో ఆడుకోనివ్వండి, నువ్వుల నూనె రాసి వేడినీళ్లు పోయండి. మా ఇంట్లో ముగ్గురు పిల్లలు పెరిగారు, ఒక్కరికీ యాప్ అవసరం రాలేదు.

ఫిజియో_అరండల్‌పేట
మంగళవారం, ఉదయం 6:55

మిర్చియార్డు గారూ, వేడినీళ్లకి నేనూ ఓటేస్తాను. ఎండలో ఆడుకోవడానికి ఇంకా పెద్ద ఓటు. కానీ ఈ పాప సంగతి వేరు.

నొప్పి మూడు నెలలు దాటి ఉంటే, లేదా మూడు నెలలకు పైగా మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. మొదట్లో ఏదో దెబ్బో, వైరల్ జ్వరమో, బెణుకో కారణం అయి ఉండొచ్చు. అది మానిపోతుంది. నరాలు, వెన్నుపాము, మెదడు కలిసి మోగించే హెచ్చరిక మాత్రం ఆగదు. కరెంటు వచ్చేసినా ఇన్వర్టర్ కీచుమంటూనే ఉన్నట్టు. మోత నిజంగానే ఉంది, వినపడుతోంది, కానీ ఆ మోతని బట్టి కరెంటు లేదనుకోకూడదు. స్కానింగ్‌లో ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే. పిల్ల అబద్ధం ఆడుతోందని కాదు.

యాప్ సంగతికి వచ్చేముందు ఒక్క మాట, ఇది చదివే మిగతా తల్లిదండ్రుల కోసం. కీలు వాచినా, పొద్దున లేవగానే చాలాసేపు బిగుసుకుపోయి ఉంటున్నా, జ్వరం వస్తూ పోతున్నా, బరువు తగ్గుతున్నా, నొప్పి రాత్రి నిద్రలోంచి లేపేస్తున్నా, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా యాప్‌లూ వద్దు, ఈ చర్చలూ వద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లల్లో కీళ్లవాతం 16 ఏళ్లలోపే మొదలవుతుంది, దానికి మందులు వేరు. బ్రాడీపేట అమ్మగారు ఆ మెట్టు దాటేశారు కాబట్టే యాప్ గురించి మాట్లాడుకుంటున్నాం.

రాత్రి_డ్యూటీ
మంగళవారం, ఉదయం 8:30

డ్యూటీ దిగి బస్సులో చదువుతున్నా. విజయవాడలో పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. నాకు తెలిసింది రాస్తాను, పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

పిల్లల నొప్పి కోసమే తయారైన యాప్‌లు పరిశోధకుల చేతుల్లోంచి వచ్చినవి కొన్ని ఉన్నాయి. కెనడాలో టొరంటో నగరంలో సిక్‌కిడ్స్ అనే పిల్లల ఆసుపత్రి ఉంది. అక్కడ జెనిఫర్ స్టిన్సన్ బృందం ఐకెన్‌కోప్ తయారుచేసింది. పిల్లలు నొప్పి, నిద్ర, మూడ్, చేసిన పనులు రాసుకుంటారు, చిన్న చిన్న లక్ష్యాలు పెట్టుకుంటారు, తట్టుకునే పద్ధతులు నేర్చుకుంటారు. అదే ఆసుపత్రి అంతకుముందు క్యాన్సర్ పిల్లల కోసం పెయిన్ స్క్వాడ్ అని ఒకటి చేసింది. అది నాకు చాలా ఇష్టం. పిల్ల ఒక పోలీసు దళంలో చేరినట్టు ఉంటుంది. పొద్దున, రాత్రి నొప్పి రిపోర్టు పంపితే ర్యాంకు పెరుగుతుంది, టీవీ పోలీసు సీరియళ్ల నటులు వీడియోలో వచ్చి మెచ్చుకుంటారు. కాగితం డైరీ అయితే పిల్లలు అపాయింట్‌మెంట్‌కి ముందురోజు కూర్చుని వారమంతటిదీ ఒకేసారి నింపేస్తారు కదా, అది జరక్కుండా చేసిన ఏర్పాటు.

అమెరికాలో సియాటిల్ పిల్లల ఆసుపత్రి నుంచి టోన్యా పలెర్మో బృందం వెబ్‌మ్యాప్ మొబైల్ తెచ్చింది. అందులో డైరీ కంటే పాఠాలు ముఖ్యం. ఊపిరి, కండరాలు వదులు చేయడం, "ఈ నొప్పి ఎప్పటికీ పోదు, నా పని అయిపోయింది" లాంటి ఆలోచన వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని ఎలా చూడాలి, బడికి మెల్లగా ఎలా తిరిగి వెళ్లాలి, ఇవన్నీ.

పనిచేస్తాయా అంటే ఉన్నదున్నట్టు చెబుతాను. వెబ్‌మ్యాప్ మొబైల్ మీద 2020లో వచ్చిన ట్రయల్‌లో, యాప్ ఇచ్చిన పిల్లలకీ మామూలు వైద్యంలో ఉన్న పిల్లలకీ మధ్య నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే "మొత్తమ్మీద మెరుగయ్యాను" అన్నవాళ్లు యాప్ గుంపులో ఎక్కువ. యాప్‌ని ఎక్కువగా వాడినవాళ్లకి ఫలితం కూడా మెరుగ్గా కనపడింది. దూరం నుంచి అందించే ఇలాంటి మానసిక చికిత్సలన్నిటినీ కలిపి 2019లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టి తేల్చే అంతర్జాతీయ సంస్థ) చూసినప్పుడు కూడా ఆధారాలు తక్కువ, ఉన్నవాటి నాణ్యతా తక్కువే అని తేలింది. కాబట్టి "యాప్ వేస్తే నొప్పి మాయం" అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

మరి డాక్టర్ గారు ఎందుకు రాశారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పిల్లల దీర్ఘకాలిక నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. శారీరక చికిత్స, మానసిక చికిత్స, అవసరమైతే మందులు, ఈ మూడూ పిల్ల పరిస్థితిని బట్టి వాడమంది. ఆ మానసిక చికిత్స ముఖాముఖిగానైనా, దూరం నుంచైనా ఇవ్వొచ్చు అంది. మన దగ్గర పిల్లల నొప్పికే ప్రత్యేకమైన సైకాలజిస్టు ఎక్కడున్నారు చెప్పండి? ఆ ఖాళీలో యాప్ కొంత పని చేస్తుంది. అంతవరకే.

తెలుగు సంగతి: నేను చెప్పినవన్నీ ఇంగ్లిష్‌వి, ఆ దేశాల పిల్లల కోసం చేసినవి. మీ ఫోన్‌లో దొరక్కపోతే దిగులు పడకండి. నొప్పి డైరీ, ఊపిరి టైమర్ ఉన్న ఏ మామూలు యాప్‌తోనైనా ఈ పని జరుగుతుంది.

ఇంటర్_బాబాయ్
మంగళవారం, మధ్యాహ్నం 1:20

అంతా బాగానే ఉంది గానీ, విజయవాడలో ఇంటర్ చదివే పిల్లల చేతికి ఫోన్ ఎక్కడిదండీ? మా అన్నయ్య కొడుకు ఇక్కడ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ. ఫోన్ దొరికితే వార్డెన్ లాక్కుని ఔటింగ్ రోజు దాకా ఇవ్వడు. వాడికి మైగ్రేన్. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి దాకా స్టడీ అవర్, మధ్యలో తలనొప్పి వస్తే "ఓ టాబ్లెట్ వేసుకుని కూర్చో".

రోజుకి రెండుసార్లు యాప్‌లో రాయమంటే ఎలా రాస్తాడు? ఈ యాప్‌లు చేసినవాళ్లకి మన హాస్టళ్లు తెలియవు.

రాత్రి_డ్యూటీ
మంగళవారం, సాయంత్రం 5:05

బాబాయ్ గారూ, పాయింటే. ఫోన్ లేకపోతే కాగితమే గతి. కానీ మీరన్న ఆ టాబ్లెట్ సంగతి నాకు ఎక్కువ భయం వేస్తోంది. తలనొప్పి పిల్లలు మామూలు పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ లాంటివి నెలలో 15 రోజులు, అంతకు పైగా నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. రెండు మూడు మందులు కలిపి చేసిన కొన్ని మాత్రలకీ, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ మందులకీ అయితే ఆ గీత 10 రోజులే. హాస్టల్లో ఎవరూ లెక్క రాయరు. మిగతావేవీ రాయకపోయినా పర్లేదు, వాడు ఎన్ని రోజులు మాత్ర వేసుకున్నాడో ఒక చిన్న క్యాలెండర్ మీద టిక్కు పెట్టమనండి. ఔటింగ్‌కి ఇంటికి వచ్చినప్పుడు మీ ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కించుకోవచ్చు. డాక్టర్ గారికి ఆ టిక్కులు స్కానింగ్ రిపోర్ట్ కంటే ఎక్కువ చెబుతాయి.

సగంనిద్ర
మంగళవారం, రాత్రి 11:15

హాయ్. నేను ఇంటర్ సెకండియర్, డే స్కాలర్, విజయవాడ. ఈ థ్రెడ్‌లో అందరూ పిల్లల గురించి మాట్లాడుతున్నారు గానీ పిల్లలు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నా. నాకు ఎనిమిదో తరగతి నుంచి మైగ్రేన్, పైగా మెడనొప్పి. యాప్ వాడుతున్నా.

ముందు నచ్చనివి చెప్తా. 1. రోజూ రాయకపోతే "మీ వరుస తెగిపోయింది" అని ఏడుపు బొమ్మ. నొప్పితో పడుకున్న రోజే కదా రాయలేను, అదే రోజు తిట్టించుకోవాలా? నోటిఫికేషన్లు ఆపేశా. 2. తెల్లగా మెరిసే స్క్రీన్. మైగ్రేన్‌లో వెలుగే పడదు, అప్పుడు ఈ తెల్ల స్క్రీన్ ముందు కూర్చుని 0 నుంచి 10లో ఎంత అని నొక్కాలా? డార్క్ మోడ్ లేని యాప్ మాలాంటోళ్లకి పనికిరాదు. నొప్పి తగ్గాకే రాస్తా. 3. మా నాన్న నా ఫోన్ తీసి అది చదివేవారు. "నిన్న 7 అని రాశావు, మరి సాయంత్రం నవ్వుతూ టీవీ చూశావేంటి?" అని కోర్టులో లాయర్‌లా. ఆ తర్వాత నెల రోజులు అన్నిటికీ 5 పెట్టేశా. డాక్టర్ గారు ఆ గ్రాఫ్ చూసి, ఎప్పుడూ ఒకేలా ఉంటుందా అని అడిగారు.

నచ్చినది కూడా చెప్తా. అపాయింట్‌మెంట్‌లో డాక్టర్ గారు ఉండేది కొన్ని నిమిషాలే, అమ్మ మాట్లాడేస్తుంది, నేను పక్కన బొమ్మలా కూర్చోవాలి. ఇప్పుడు ఒక పేజీ రిపోర్ట్ చూపిస్తా. అందులో నేను రాసింది ఉంటుంది, అమ్మ ఊహించింది కాదు.

నా ఒక రోజు పేజీ ఇలా ఉంటుంది, అచ్చంగా:

నిద్ర: 5 గంటలు. టిఫిన్: లేదు, లేటైంది. కాలేజీ: వెళ్లా, ఫిజిక్స్ దాకా కూర్చున్నా. నొప్పి: మధ్యాహ్నం మొదలు, 6. ఏం చేశా: లైబ్రరీలో తల వాల్చి ఊపిరి ఆడియో, నీళ్లు. మాత్ర: ఒకటి. తర్వాత: 4, ట్యూషన్ మానలేదు.

ఇలాంటివి రెండు నెలలు పోగయ్యాక కనపడింది, టిఫిన్ మానేసిన రోజు, నిద్ర తక్కువైన రోజు ఒకేచోట పడితే దాదాపు ఎప్పుడూ తలనొప్పే. చాక్లెట్ వల్ల అని అమ్మ ఏళ్ల తరబడి మాన్పించింది. చాక్లెట్‌కి ఏ సంబంధమూ కనపడలేదు!!

బ్రాడీపేట_అమ్మ
బుధవారం, ఉదయం 7:10

తల్లీ, నువ్వు రాసింది మావారికి వినిపించాను. మూడోది విన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. ఒకటి అడగనా, మీ అమ్మగారు నీ నొప్పి గురించి రోజూ అడగడం నీకు ఇబ్బందా? నేను బడి నుంచి రాగానే అదే అడుగుతాను. అడక్కపోతే పట్టించుకోవట్లేదు అనుకుంటుందేమోనని.

సగంనిద్ర
బుధవారం, సాయంత్రం 6:48

ఆంటీ, అడగడం తప్పని కాదు. కానీ నొప్పి గురించి మర్చిపోయి ఏదో పనిలో ఉన్నప్పుడు "ఎలా ఉందమ్మా నొప్పి?" అంటే మళ్లీ ఒళ్లంతా వెతుక్కోవాలి. వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

ఫిజియో_అరండల్‌పేట
బుధవారం, రాత్రి 9:30

ఈ ఆఖరి మాట నేను మా క్లినిక్ గోడకి అంటించుకుంటాను.

వెబ్‌మ్యాప్ లాంటి కార్యక్రమాల్లో తల్లిదండ్రులకి వేరే పాఠాలు ఉండేది ఇందుకే. నొప్పి గురించి అడగడం తగ్గించి, చేసిన పని గురించి అడగమంటారు. "నొప్పి ఎలా ఉంది?" బదులు "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు, లెక్కల పరీక్ష ఏమైంది?" అని. చాలామంది అమ్మలకి ఇదే అన్నిటికన్నా కష్టం, కఠినంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కాదు. నొప్పి ఉన్నప్పుడు మాత్రమే దగ్గర కూర్చుని, బాగున్నప్పుడు పని చూసుకుంటుంటే పిల్లకి ఏం అర్థమవుతుందో ఆలోచించండి.

డైరీ విషయంలోనూ నా పట్టుదల అదే. గంటగంటకీ నొప్పి నంబరు రాసే యాప్ నాకు వద్దు, అది నొప్పి మీదే దృష్టి కట్టేస్తుంది. రోజుకి ఒక్కసారి చాలు. నంబరు ఒక మూల ఉండనివ్వండి. నిద్ర, బడి, నడక, స్నేహితులు, ఇవి పైన ఉండాలి. పిల్లల విషయంలో తరచూ జరిగేది ఏమిటంటే ముందు పనులు మెరుగవుతాయి, నొప్పి తర్వాత మెల్లగా దిగుతుంది. నంబరు మీదే కన్నేస్తే మొదటి నెల ఏమీ మారలేదని వదిలేస్తారు.

ఇంకొకటి, మా క్లినిక్‌కి వచ్చే పిల్లలందరూ చేసేది. నొప్పి లేని రోజు దొరికిందని ఇల్లంతా సర్దడం, రెండు గంటలు షటిల్ ఆడటం, మర్నాడు మంచం. మళ్లీ మూడు రోజులు కదలరు. మళ్లీ బాగుంటే మళ్లీ అదే. యాప్‌లో అడుగుల గ్రాఫ్ చూస్తే ఇది కొండలూ లోయల్లా కనపడుతుంది. బాగున్న రోజూ, బాగాలేని రోజూ కూడా చేయగలిగినంత నడక ఎంతో ముందు తేల్చుకోవాలి. అది పది నిమిషాలే అయితే పది నిమిషాలే. మన ఎన్టీఆర్ స్టేడియంలో ట్రాక్ మీద పొద్దున్నే ఎండెక్కకముందు వెళ్లండి. వారానికి కొంచెం చొప్పున పెంచండి. బాగున్న రోజు కూడా ఎక్కువ చేయనివ్వకపోవడమే ఇందులో అసలు కష్టం.

మిర్చియార్డు
బుధవారం, రాత్రి 10:02

ఆ చదువుకునే పాప రాసింది బాగుంది. నేను యాప్ పార్టీలో ఇంకా చేరలేదు, రాసి పెట్టుకోవడం మంచిదని మాత్రం ఒప్పుకుంటా. యార్డులో తూకం రాసుకోని వాడు మునుగుతాడు. కానీ రాత్రి పడుకునేముందు ఫోన్ పట్టుకుని ఊపిరి వ్యాయామం అంటే, అది పదకొండు దాకా రీల్స్ కాదని గ్యారంటీ ఏంది?

కోడ్_గన్నవరం
గురువారం, ఉదయం 9:15

సార్, గ్యారంటీ ఏమీ లేదు, సెట్టింగ్స్ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్ అని, పిల్లల ఫోన్‌ని తల్లిదండ్రులు అదుపు చేసే గూగుల్ యాప్ పెట్టి, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఈ ఒక్క యాప్ తప్ప మిగతావి ఆగిపోయేలా చేయొచ్చు. ఇంకా సులువు, ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్ ఒకటి సిమ్ తీసేసి, ఆడియోలు డౌన్‌లోడ్ చేసి ఇచ్చేయండి. నెట్ లేకపోతే రీల్స్ లేవు. ఈ పిల్లలకి నిద్రే ఒక మందు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలి, అందులో సగం ఫోన్ తినేస్తుంటే డైరీ రాసి ఏం లాభం.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని, వైద్యం గురించి మాట్లాడను. యాప్ దించేముందు చూసుకోవాల్సినవి మాత్రం చెప్తా, ఎందుకంటే ఆడపిల్ల ఒంటి వివరాలు అవి.

ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ కింద డేటా సేఫ్టీ అని ఉంటుంది. అక్కడ ఆరోగ్య సమాచారం వేరేవాళ్లకి ఇస్తామని రాసి ఉంటే అక్కడే వదిలేయండి. నొప్పి డైరీకి మీ కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు? అడిగితే కాదనండి. పాప అసలు పేరు, బడి పేరు, ఆధార్‌తో ముడిపడిన నంబరు ఇవ్వకండి, ఒక ముద్దుపేరు చాలు. పీడీఎఫ్‌గా బయటికి తీసుకునే వీలు ఉందో లేదో ముందే చూడండి, లేకపోతే డాక్టర్ గారికి చూపించడానికి స్క్రీన్‌షాట్లు తీస్తూ కూర్చోవాలి. ఏడు రోజులు ఉచితం అని కార్డు నంబరు అడిగేవాటి జోలికి పోవద్దు, మర్చిపోతే ఏడాది డబ్బు కట్ అవుతుంది. కొన్నిట్లో నొప్పి నంబరు పెంచగానే కింద ఏదో నూనె, ఏదో పౌడర్ ప్రకటన వస్తుంది. ఆ యాప్ ఎవరి కోసం చేశారో దాన్ని బట్టి తెలిసిపోతుంది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, వాళ్లని వెంటాడి ప్రకటనలు చూపించకూడదు. చట్టం ఉంది కదా అని యాప్‌ని నమ్మేయొద్దు, అది వేరే సంగతి.

ఇంటర్_బాబాయ్
గురువారం, మధ్యాహ్నం 2:40

అంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, కానీ తల్లిదండ్రులు చదవకూడదు అంటారా? ఆ పాప నాన్న ఫోన్ చూశాడని అందరూ ఆయన్ని విలన్ చేశారు. భయంతోనే చూసి ఉంటాడు.

రాత్రి_డ్యూటీ
గురువారం, సాయంత్రం 4:25

విలన్ అని ఎవరూ అనలేదండీ. వార్డులో రోజూ చూస్తాను, నాన్నలు గదిలో నిలబడతారు, ఏం చేయాలో తెలియదు, ఫైలు పట్టుకుంటారు. వాళ్లకి చేయడానికి ఏదో ఒకటి కావాలి.

నా పద్ధతి ఇది, చిన్నపిల్లలకి వేరు, పదమూడు పద్నాలుగు దాటిన వాళ్లకి వేరు. చిన్నవాళ్ల డైరీ అమ్మ పట్టుకున్నా పర్లేదు. పెద్దపిల్లలకి డైరీ వాళ్లదే అయి ఉండాలి. ముందే ఒప్పందం చేసుకోండి, వారానికి ఒకరోజు, ఆదివారం అనుకోండి, వాళ్లే మీకు చూపిస్తారు, వాళ్లు చూపించింది మీరు చూస్తారు. ప్రశ్నలు అడగొచ్చు, విచారణ చేయకూడదు. తల్లిదండ్రులు చదువుతారని తెలిసిన రోజు నుంచి అది డైరీ కాదు, హాజరుపట్టీ. అన్నిటికీ 5 వస్తుంది.

ఒకే ఒక్క మినహాయింపు. "బతకడం దండగ" లాంటి మాటలు డైరీలో గానీ నోట్లోంచి గానీ వస్తే ఒప్పందం పక్కన పెట్టి మాట్లాడండి. చేతికి ఏ డాక్టరూ దొరక్కపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఏళ్ల తరబడి నొప్పితో ఉన్న పిల్లలకి దిగులు రావడం మామూలే, దాన్ని కూడా నొప్పితో కలిపే చూడాలి.

బాబాయ్ గారూ, మీ అబ్బాయి విషయంలో డాక్టర్ గారి చేత ఒక ఉత్తరం రాయించండి. మూడే మూడు ముక్కలు ఉండాలి: మైగ్రేన్ ఉంది, టిఫిన్ మానకూడదు, నొప్పి మొదలైతే చీకటిగా ఉండే గదిలో కాసేపు పడుకోనివ్వాలి. ఫోన్ గురించి అడిగితే వాళ్లు మొత్తం ఉత్తరాన్నే పక్కన పడేస్తారు, అది అడగొద్దు.

బ్రాడీపేట_అమ్మ
ఆదివారం, సాయంత్రం 7:50, మూడు వారాల తర్వాత

అందరికీ మళ్లీ నమస్కారం. ఏమైందో చెబుతానని అనుకుంటూనే ఆలస్యమైంది.

మావారి పాత ఫోన్ సిమ్ తీసి ఇచ్చాం. గన్నవరం అన్నయ్య గారు చెప్పినట్టే రెండు యాప్‌లు కాంటాక్టులు అడిగితే తీసేశాం. మూడోది పాపే ఎంచుకుంది. నేను ఎంచుకున్నది దానికి "అంకుల్ యాప్"లా ఉందట.

ఊపిరి ఆడియో దగ్గర పెద్ద ఇబ్బంది వచ్చింది. అందులో ఆవిడ ఇంగ్లిష్‌లో సముద్రపు ఒడ్డున పడుకున్నట్టు ఊహించుకో అంటుంది. పాపకి ఆ యాస అర్థం చేసుకోవడంతోనే సరిపోతోంది, ఇక ఒళ్లేం వదులవుతుంది. ఫిజియో గారి దగ్గర అడిగితే, తెలుగులో మీరే రికార్డు చేసి ఇవ్వండి అన్నారు. నేను చేశాను. "అమ్మా, నీ గొంతు వింటే హోంవర్క్ గుర్తొస్తోంది" అంది. చివరికి తెనాలిలో మా చెల్లెలు చదివి పంపింది. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో కండరం బిగించి వదలడం, మధ్యలో సముద్రం బదులు మా అమ్మమ్మ గారి ఊళ్లో కాలవ గట్టు. వెనక కోడి కూత కూడా పడింది. రోజూ రాత్రి అది విని పడుకుంటోంది.

నొప్పి తగ్గిందా అంటే, నంబరు అక్కడక్కడే ఉంది, ఎక్కువ మారలేదు. బడికి మాత్రం ఈ మధ్య వెళ్తోంది. పోయిన వారం ఒక్కరోజే మానింది, అదీ జ్వరం వల్ల. నడక రోజూ ఉంది, వర్షం పడితే మేడ మీద వరండాలో. మావారు నొప్పి గురించి అడగడం మానేశారు. దాని బదులు రోజూ లెక్కల గురించి అడుగుతున్నారు, దానికి పాప ఇంకా ఎక్కువ విసుక్కుంటోంది. అది వేరే థ్రెడ్ పెట్టాలి.

ఆదివారం ఒప్పందం నడుస్తోంది. పోయిన ఆదివారం చూపించింది. ఈ ఆదివారం చూపించను అంది. సరే అన్నాం.

సగంనిద్ర
ఆదివారం, రాత్రి 9:05

కోడి కూత సూపర్ ఆంటీ 😄 ఆ ఆడియో ఇక్కడ పెట్టొచ్చా? పిన్ని గారిని అడగండి.

ఫిజియో_అరండల్‌పేట
ఆదివారం, రాత్రి 9:40

మూడు వారాలకి బడి హాజరు మెరుగైందంటే సరైన దారిలోనే ఉన్నారు. నంబరు కోసం ఇంకా కొన్ని నెలలు ఆగండి. పరీక్షల ముందు నొప్పి ఒకసారి పెరుగుతుంది, చాలామందికి పెరుగుతుంది. అప్పుడు ఏం చేయాలో ఇప్పుడే పాప చేత యాప్‌లో రాయించి పెట్టండి: ఆ రోజు నడక ఎంత, ఏ ఆడియో, మాత్ర ఎప్పుడు, ఎవరికి చెప్పాలి. నొప్పిలో ఉన్నప్పుడు ఎవరికీ బుర్ర పనిచేయదు. నడక సగం చేయండి గానీ పూర్తిగా ఆపొద్దు.

ఇంటర్_బాబాయ్
ఆదివారం, రాత్రి 10:15

అప్‌డేట్ నాది కూడా. ఉత్తరం ఇచ్చాం. వార్డెన్ ముందు గొణిగాడు, తర్వాత సిక్ రూమ్‌లో కర్టెన్ వేయించాడు. క్యాలెండర్ టిక్కులు చూస్తే మావాడు నెలలో పద్దెనిమిది రోజులు మాత్ర వేసుకున్నాడు. డాక్టర్ గారు చూసి మాత్రల పద్ధతే మార్చేశారు. వారం రోజులు తలనొప్పి ఇంకా పెరగొచ్చు, తట్టుకోమన్నారు. దసరా సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెడుతున్నాం.

పటమట_శ్రీ
సోమవారం, ఉదయం 8:20

మా అమ్మాయికి నెలసరి సమయంలో కడుపునొప్పి, రెండు రోజులు బడి మానేస్తుంది. అందరికీ ఉండేదేలే అని మా అత్తగారు అంటారు. దీనికి కూడా యాప్ పెట్టొచ్చా?

రాత్రి_డ్యూటీ
సోమవారం, ఉదయం 9:00

శ్రీ గారూ, ప్రతినెలా బడి మానేంత నొప్పి అయితే "అందరికీ ఉండేదే" అని వదలొద్దు. ముందు గైనకాలజిస్టుకి చూపించండి, దానికి మందులు ఉన్నాయి, సరైన సమయంలో వేసుకుంటే బడి మానక్కర్లేదు. డైరీ ఇవాళే మొదలుపెట్టొచ్చు: తేదీలు, ఏ రోజు ఎంత నొప్పి, ఏ మాత్రకి ఎంతసేపటికి తగ్గింది. వేరే థ్రెడ్ తెరవండి, నేను అక్కడికి వస్తాను. ఇక్కడ అబ్బాయిల బాబాయిలు కూడా ఉన్నారు, అమ్మాయిలు అడగడానికి మొహమాటపడతారు.

ఇంటర్_బాబాయ్
సోమవారం, ఉదయం 9:12

నేను చదవనులెండి, నిక్షేపంగా అడగండి.